ప్రశ్నలకు టైం మిగలాలి: అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల పరిశోధన సదస్సు, మా ప్రాజెక్టు డైరీ

నవంబరు చివరి వారం

అనుకున్నది ఇది. మార్చి మొదటి శనివారం, మా కాలేజీలో, డిగ్రీ చదివే పిల్లలు తాము చేసిన పరిశోధన తామే వచ్చి చెప్పుకునే ఒక రోజు సదస్సు. నడిపేదీ విద్యార్థులే. లెక్చరర్లు సలహాలు ఇస్తారు, అవసరమైన చోట సంతకం పెడతారు. బీఎస్సీ, బీఏ, బీకాం తేడా లేదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కాలేజీలకు కబురు పంపుతాం, కర్నూలు, కడప నుంచి ఎవరైనా వస్తామంటే సంతోషం.

ఎందుకు ఇదంతా అని అడిగిన వాళ్లకి మా డిపార్ట్‌మెంట్ బీరువా చూపిస్తున్నాను. 2020-21 బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్లకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్పీ), ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాయి కదా. మొదటి సంవత్సరం అయిపోగానే ఊళ్లో సర్వే చేసి రిపోర్టు రాయాలి. స్పైరల్ బైండింగ్ వేయించి ఇస్తాం, వైవాలో రెండు ముక్కలు అడుగుతారు, మార్కులు పడతాయి, రిపోర్టు బీరువాలోకి పోతుంది. ఒక మధ్యాహ్నం అక్కడే కూర్చుని చదివాను. నార్పల వైపు ఒక ఊళ్లో ఎవరు ఎన్ని బోర్లు వేశారు, ఏ సంవత్సరం ఎన్ని అడుగులకు పోయారు, ఎన్ని ఎండిపోయాయి అని ఇంటింటికీ తిరిగి రాసుకున్న పట్టిక ఉంది. ధర్మవరంలో చేమగ్గం తీసేసి మరమగ్గం పెట్టుకున్న ఇళ్లలో ఆడవాళ్ల కూలి ఏమైంది అని అడిగిన ఇంటర్వ్యూలు ఉన్నాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు ఇప్పుడు బొమ్మలాట ఆడి ఎంత సంపాదిస్తున్నారు, ల్యాంప్ షేడ్లు చేసి ఎంత సంపాదిస్తున్నారు అని ఒక బీఏ అబ్బాయి అడిగి రాసుకొచ్చాడు. కాపీ కొట్టినవి లేవని కాదు. కానీ ఎండలో తిరిగి నిజంగా చేసినవి ఉన్నాయి, వాటిని రాసిన వాళ్లను ఇంతవరకు ఒక్కరు కూడా "ఇది నీకెట్లా తెలిసింది?" అని కూర్చోబెట్టి అడగలేదు. ఈ సదస్సు ఆ ప్రశ్న కోసం.

బయట ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల జాతీయ పరిశోధన సదస్సు 1987లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆష్‌విల్‌లో మొదలైంది, బ్రిటన్‌లో 2011లో. రెండింట్లోనూ నాకు నచ్చింది సబ్జెక్టుల మధ్య గోడ లేకపోవడం. మన దగ్గర కూడా అవసరం దగ్గర పడింది, ఎందుకంటే యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ పద్ధతిలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్న వాళ్లు నాలుగో ఏడు రీసెర్చ్‌తో ఆనర్స్ చేయొచ్చు. చేయొచ్చు, సరే. మూడేళ్లలో ఒక్కసారైనా తన పనిని పదిమంది ముందు పెట్టి, అడిగిన దానికి జవాబు చెప్పుకున్న అనుభవం లేకుండా ఆ నాలుగో ఏడులో ఎలా అడుగు పెడతారు?

డిసెంబరు మొదటి వారం

టీం కుదిరింది. ఫైనలియర్ వాళ్లం ఆరో సెమిస్టరులో ఇంటర్న్‌షిప్‌కి పోతాం కాబట్టి కాలేజీలో రోజూ కనిపించేది రెండో సంవత్సరం వాళ్లే. అందుకని ప్రతి పనికీ ఒక ఫైనలియర్, ఒక సెకండియర్ జోడీ. వచ్చే ఏడు దీన్ని నడపాల్సింది ఆ సెకండియర్ వాళ్లే, పని ఇప్పుడే చేతిలో పడాలి.

తేదీ మీద కొంత చర్చ. ఫిబ్రవరి 28న పెడదామని చాలామంది అన్నారు. 1928లో రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజు, జాతీయ సైన్స్ దినోత్సవం, పేరు బాగుంటుంది. నేను వద్దన్నాను. ఆ రోజు ప్రతి కాలేజీలో క్విజ్, ఎగ్జిబిషన్ ఉంటాయి, లెక్చరర్లు ఎవరూ దొరకరు. పైగా సైన్స్ డే అనగానే బీఏ, బీకాం వాళ్లు ఇది మనది కాదులే అని పక్కకు తప్పుకుంటారు. నాకైతే వాళ్లే ముఖ్యం. మార్చి మొదటి శనివారం ఖాయం చేశాం.

రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. డబ్బు కడితే పేపరు అచ్చు వేస్తాం అనే మెసేజ్‌లు ఇప్పటికే పిల్లల ఫోన్లకు వస్తున్నాయి, మాది వాటిలో ఒకటి అనిపించకూడదు. ప్రొసీడింగ్స్‌కు, అంటే సదస్సు పేపర్ల పుస్తకానికి, ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు నంబరు) పెట్టమని ఒక సార్ అడిగారు. ఈ ఏడు అబ్‌స్ట్రాక్టుల (పరిశోధన సారాంశాల) పుస్తకం చాలు, పీడీఎఫ్‌గా అందరికీ ఇస్తాం అని చెప్పాం. ఐఎస్‌బీఎన్ ఉంటే బయోడేటాలో రాసుకోవడానికి బాగుంటుంది గానీ దాని కోసమే వచ్చేవాళ్లు పెరిగితే వినేవాళ్లు తగ్గిపోతారు.

డిసెంబరు, క్రిస్మస్ సెలవులకు ముందు

ఏ భాషలో చెప్పాలి అన్న దాని మీద మీటింగు అనుకున్నదాని కన్నా చాలాసేపు సాగింది. కాన్ఫరెన్స్ అంటే ఇంగ్లిష్‌లోనే ఉండాలి, లేకపోతే విలువ ఉండదు అని సగం మంది. మా స్టాటిస్టిక్స్ తమ్ముడు ఒక మాట అన్నాడు: "అక్కా, ఇంగ్లిష్‌లో అయితే నేను బట్టీ పట్టి చెప్తా. ప్రశ్న అడిగితే మాత్రం నిలబడలేను." నాకు అక్కడే తేలిపోయింది. తెలుగో ఇంగ్లిషో ఎవరికి ఏది వస్తే అది, స్లైడ్లు ఒక భాషలో మాట ఇంకో భాషలో అయినా ఫర్వాలేదు, ప్రశ్న ఏ భాషలో వచ్చినా జవాబు తన భాషలో చెప్పొచ్చు. హిందూపురం, కదిరి వైపు నుంచి వచ్చే కొందరికి ఉర్దూ, కన్నడ సౌకర్యం. వాళ్లకు పక్కన ఒకరిని నిలబెట్టి తెలుగులో చెప్పిస్తాం.

పిలుపు పంపించాం. అబ్‌స్ట్రాక్టు 250 మాటలు దాటకూడదు. ఫారంలో మూడు గడులే పెట్టాం: ఏం తెలుసుకోవాలనుకున్నావు, దానికి ఏం చేశావు, ఏం తేలింది. ఇంకా తేలకపోతే "ఇంకా తేలలేదు" అని రాయొచ్చని కింద స్పష్టంగా రాశాం.

జనవరి, సంక్రాంతి తర్వాత

పండగ ముందు వరకు చాలా కొద్దిగా వచ్చాయి. టెన్షన్ పడ్డాం. వాట్సాప్‌లో పోస్టరు తిప్పితే సరిపోదని అర్థమై, బస్సుల్లో కాలేజీలకు పోయి క్లాసులోకి వెళ్లి చెప్పడం మొదలుపెట్టాం. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ, ధర్మవరం. "మీ సీఎస్పీ రిపోర్టు ఉంది కదా, అదే, దాన్నే చెప్పండి" అన్నప్పుడు మొహాలు మారాయి. పరిశోధన అంటే ల్యాబులో తెల్లకోటు వేసుకుని చేసేదనే అనుకుంటున్నారు చాలామంది. తాము పోయిన వేసవిలో చేసింది దాని కిందికే వస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. గడువు దగ్గర పడేసరికి 60 దాటాయి.

చదువుతుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. మూడు గడులు పెట్టినా సరే, మొదటి గడిలో "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అని మొదలై, జనాభా ఎంత, జీడీపీలో వాటా ఎంత అంటూ 100 మాటలు అక్కడే ఖర్చయిపోతున్నాయి. అసలు విషయం, అంటే శింగనమల దగ్గర ఒక ఊళ్లో కౌలు రైతులు ఎవరి దగ్గర అప్పు తెస్తున్నారు అన్నది, చివరి రెండు లైన్లలో ఇరుక్కుని ఉంటుంది. అలాంటి వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్తున్నాం: ఆ రెండు లైన్లతో మొదలుపెట్టు, ముందున్నదంతా తీసేయ్.

ఇంకో తలనొప్పి ఫాంట్లు. తెలుగులో పంపిన వాటిలో కొన్ని డీటీపీ సెంటర్లో అను అనే పాత తెలుగు ఫాంటులో టైపు చేయించినవి. మా కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. మేం పుస్తకం యూనికోడ్‌లో (ఏ ఫోన్లో, కంప్యూటర్లో అయినా తెరుచుకునే అక్షరాల పద్ధతి) పెడుతున్నాం, ఫోన్‌లో వెతికితే దొరకాలి కాబట్టి. ప్రింటింగ్ ప్రెస్ అన్నేమో పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద పనిచేస్తాడు, "యూనికోడ్ మాకు కూర్చోదు పాపా, అనులో కొట్టించుకుని రా" అంటాడు. చివరికి అనువి కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చి, వత్తులు తప్పిన చోట ఇద్దరు కూర్చుని చేత్తో దిద్ది, మండలి అనే యూనికోడ్ ఫాంటులో మేమే పేజీలు కట్టి, పీడీఎఫ్ చేసి ప్రెస్‌కి ఇచ్చాం. పీడీఎఫ్ అయితే ఆయనకు ఏ ఫాంటు అయినా ఒకటే. తెలుగులో ఇలాంటి పుస్తకం చేయాలనుకునే వాళ్లు మొదటి రోజే ఈ సంగతి తేల్చుకోండి.

జనవరి చివరి వారం

రివ్యూ. ప్రతి అబ్‌స్ట్రాక్టు ఇద్దరు చూస్తారు. పేరు, కాలేజీ, గైడు పేరు తీసేసి ఒక నంబరు వేసి పంపుతున్నాం. మన ఊళ్లలో ఫలానా కాలేజీ అనగానే ఒక అభిప్రాయం ముందే వచ్చేస్తుంది, అది రాకూడదు. చూసేవాళ్లు ఎక్కువగా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న అన్నలు, అక్కలు. వాళ్లకు మేం పెట్టిన షరతు ఒకటే, తీసుకున్నా తీసుకోకపోయినా కనీసం ఒక ప్రశ్న రాయాలి. "బాగుంది", "బాగాలేదు" చెల్లవు.

చాట్‌జీపీటీతో రాయించినవి కొన్ని తగిలాయి. భాష నున్నగా ఉంటుంది, ఊరి పేరు ఉండదు, ఎంతమందిని అడిగారో ఉండదు. తీసేద్దామని కొందరు అన్నారు. నేను ఫోన్ చేద్దామన్నాను. ఫోన్‌లో "నీ పని ఐదు నిమిషాలు మామూలుగా చెప్పు" అంటే చాలు. గుత్తి నుంచి ఒక అమ్మాయి కాగితం మీద ఏమీ లేని అబ్‌స్ట్రాక్టు పంపింది, ఫోన్‌లో మాత్రం తన వార్డులో ఏ కొళాయికి ఏ రోజు నీళ్లొచ్చాయో నెలంతా రాసుకున్న నోటు పుస్తకం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఇంగ్లిష్ బాగుండదేమోనని అలా రాయించుకుందట. ఇప్పుడు చెప్పినట్టే రాసి పంపమన్నాం. పంపింది. పని చేయని వాళ్లు ఆ ఐదు నిమిషాల్లో తామే "వద్దులే అక్కా" అనేశారు, వాళ్లతో వాదించాల్సిన అవసరం రాలేదు.

ఇంకొకటి బాగా ఆలోచింపజేసింది. ఫ్లోరైడ్ మీద వచ్చిన ఒక పోస్టరులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగిన బడిపిల్లల పళ్ల మీద వచ్చే గోధుమ మచ్చల ఫొటోలు ఉన్నాయి, పిల్లల మొహాలన్నీ పూర్తిగా కనిపిస్తున్నాయి, కింద ఊరి పేరు కూడా. రేపు ఆ పోస్టరు ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెడితే ఆ ఊరి ఆడపిల్ల పెళ్లి చూపుల దాకా పోతుంది ఆ ఫొటో. డిగ్రీ కాలేజీల్లో ఇలాంటివి చూడడానికి ఎథిక్స్ కమిటీ ఉండటం అరుదు. కాబట్టి మేమే ఒక కాగితం రాశాం: మనుషుల్ని అడిగి చేసిన పని అయితే ఎందుకు అడుగుతున్నారో చెప్పి ఒప్పుకున్నాకే అడగాలి, పేర్లు వేయకూడదు, పిల్లల ఫొటో అయితే తల్లిదండ్రుల అనుమతి కావాలి, మొహం కనిపించకూడదు. ఆ అబ్బాయి ఫొటోలు తీసేసి పళ్ల బొమ్మ తానే గీసి పంపాడు. ఫొటో కన్నా బొమ్మే బాగా అర్థమవుతోంది.

ఫిబ్రవరి మొదటి వారం

షెడ్యూలు. నా దృష్టిలో మొత్తం సదస్సు ఈ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది.

లెక్క ఇది. కదిరి 90 కిలోమీటర్లు, రాయదుర్గం ఇంకొంచెం ఎక్కువే. అక్కడి నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజామున బయల్దేరినా పదికి గానీ రారు. అమ్మాయిలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి, కొందరు టౌన్‌లో దిగి మళ్లీ పల్లెకు ఆటో పట్టుకోవాలి, అంటే నాలుగుకు వదిలేయాలి. చేతిలో ఉన్నది ఆరు గంటలు. భోజనం తీసేస్తే ఐదు. ఇందులో మామూలుగా మన ఫంక్షన్లలో ప్రారంభోత్సవం ఎంత తింటుందో అందరికీ తెలుసు: జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదికి ఆహ్వానం, ఒక్కొక్కరికీ శాలువా, బొకే, ఒక్కొక్కరి మాట. పన్నెండున్నర అవుతుంది. తర్వాత పిల్లలు వరుసగా వచ్చి మూడేసి నిమిషాల్లో స్లైడ్లు చదివేస్తారు, "టైం అయిపోయింది, ప్రశ్నలు తర్వాత" అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు.

అందుకని తలకిందులుగా వేశాం. ముందు ప్రశ్నల టైం పక్కన పెట్టి, మిగిలింది అందరికీ పంచాం. ఒక్కొక్కరికి 15 నిమిషాలు: చెప్పడానికి 8, ప్రశ్నలకు 6, మారడానికి 1. మూడు గదులు, పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, గదికి 8 మంది, మొత్తం 24 ప్రసంగాలు. మధ్యాహ్నం పోస్టర్లు, పోస్టరు దగ్గర ఎవరూ ప్రసంగించరు, నిలబడి మాట్లాడుకోవడమే. ప్రారంభోత్సవానికి 20 నిమిషాలు.

ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి ఈ కాగితం తీసుకుని పోతే, ప్రారంభోత్సవానికి ఇరవై నిమిషాలే అని ఉండడం చూసి తల ఎత్తారు. "ఏమ్మా, పిలిచిన పెద్దమనిషికి రెండు మాటలు మాట్లాడే టైం ఇవ్వకపోతే ఎట్లా?" న్యాయమే. వచ్చిన అతిథికి మర్యాద జరగాలి, అందులో మాకూ రెండో మాట లేదు. మేం అడిగింది ఇది: అతిథులను వేదిక మీద కాకుండా గదుల్లో సెషన్ చైర్లుగా, అంటే ఆ గది నడిపేవాళ్లుగా, కూర్చోబెడతాం, శాలువా ఆ గదిలోనే కప్పుతాం, వాళ్ల మాట పిల్లల పని మీద చెప్పమంటాం. సార్ చాలాసేపు ఆలోచించారు. కదిరి బస్సు టైం చూపించాక ఒప్పుకున్నారు. నిజానికి ఆ తర్వాత అతిథులకు ఫోన్లు చేసి ఒప్పించింది ఆయనే, ఆ పని మా వల్ల అయ్యేది కాదు.

ఫిబ్రవరి మూడో వారం

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. కాలేజీ కొంత ఇచ్చింది, పాత విద్యార్థులు కొంత. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు మొత్తం ఖర్చు పెట్టుకుంటాం, స్టేజీ వెనక మా బ్యానర్ ఉండాలి, మధ్యలో అరగంట మాకివ్వాలి అన్నారు. అరగంట అంటే ఇద్దరు పిల్లల టైం. వద్దన్నాం. దూరం నుంచి వచ్చేవాళ్లకు పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం చిత్రాన్నం, పెరుగన్నం. సర్టిఫికెట్లు ఆ రోజు ఇవ్వం, ఈమెయిల్‌లో పంపుతాం, అందులో వాళ్ల పని పేరు కూడా రాస్తాం. చేతికి ఇస్తే తీసుకుని మధ్యలో వెళ్లిపోతారు, మిగిలిన వాళ్ల మాట వినేదెవరు?

పోస్టర్ల మీద ఎక్కువసేపు కూర్చున్నాం. ఏ1 సైజు అని పెట్టాం, అంటే 594 × 841 మిల్లీమీటర్లు. రంగుల్లో ప్రింటు తీయించలేని వాళ్లు డ్రాయింగ్ షీట్ల మీద చేత్తో రాసి తేవచ్చు, మార్కుల్లో తేడా ఉండదు. పోస్టరు ఎలా ఉండాలో చెప్పడానికి 2019లో మైక్ మోరిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి తీసుకున్నాం: తేలిన విషయం ఒక్క వాక్యంలో మధ్యలో పెద్ద అక్షరాలతో, వివరాలు పక్కన చిన్నగా. ఎందుకంటే పిల్లలు రిపోర్టు మొత్తాన్ని పోస్టరు మీదికి ఎక్కించేస్తారు, చదివేవాళ్లు రెండు అడుగుల దూరం నుంచే వెళ్లిపోతారు. వజ్రకరూరు కింబర్‌లైట్ (వజ్రాలు దొరికే రాయి) మీద పోస్టరు చేస్తున్న జియాలజీ అబ్బాయి మధ్య వాక్యం కోసం చాలా తిప్పలు పడ్డాడు, చివరికి "తొలకరి వాన పడగానే ఇక్కడ పొలాల్లో వజ్రాలు ఎందుకు పైకి తేలతాయి?" అని ప్రశ్నే పెట్టాడు. నాకు చాలా నచ్చింది.

బోర్డులు షామియానా వాళ్ల దగ్గర అడిగితే అద్దె ఎక్కువ. వరండా కిటికీల ఊచలకు తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయాలని నిర్ణయం. గాలికి ఎగరకుండా కింద కూడా ఒక తాడు, మూలలకు క్లిప్పులు. ఒక సాయంత్రం పాత చార్టులతో కట్టి చూశాం, నిలబడ్డాయి.

ఫిబ్రవరి చివరి వారం

రిహార్సల్ చెప్పేవాళ్లకు అందరూ పెడతారు. మేం వినేవాళ్లకు కూడా పెట్టాం. మా కాలేజీ మొదటి సంవత్సరం వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్న ఎలా అడగాలో సాధన చేయించాం. ఇక్కడ పిల్లలకు ప్రశ్న అడగడం అంటే ఎదుటివాళ్లని తప్పు పట్టడం అన్నట్టు ఉంటుంది, తమ స్నేహితుడు స్టేజీ మీద ఉంటే అసలే అడగరు. అందుకని కొన్ని మామూలు ప్రశ్నలు నేర్పాం. ఎంతమందిని అడిగావు? ఎవరిని వదిలేశావు? ఈ అంకె ఏ నెలది? ఇంకోసారి చేస్తే ఏం మారుస్తావు? ప్రసంగాలకు ఫస్ట్, సెకండ్ ప్రైజులు తీసేశాం. ప్రతి గదిలో మంచి ప్రశ్న అడిగిన ఒకరికి పుస్తకం బహుమతి. సెషన్ చైర్లకు చిన్న మాట: తమ విద్యార్థి చెప్తుంటే చైర్ మారాలి, మొదటి ప్రశ్న ఎప్పుడూ విద్యార్థులదే, తర్వాతే లెక్చరర్లది.

ఒక కాలేజీ తమ పిల్లలకు ఆన్ డ్యూటీ (సదస్సుకు పోయినా హాజరు వేయడం) ఇవ్వనంది, అటెండెన్స్ పోతుందని నలుగురు మానుకుంటున్నారు. ప్రిన్సిపాల్ సార్‌తో లెటర్ రాయించి పంపాం. ఇద్దరికి వచ్చింది. మిగిలిన ఇద్దరి పోస్టర్లు తీసుకుని మా వాళ్లు వాటి దగ్గర నిలబడతారు, ప్రశ్నలు రాసి వాళ్లకు పంపుతారు.

మార్చి మొదటి శనివారం, రాత్రి

అలసిపోయి ఉన్నాను గానీ మర్చిపోకముందే రాయాలి.

ప్రారంభోత్సవం 25 నిమిషాల్లో అయింది. కరెంటు ఒకసారి పోయింది, ప్రొజెక్టరు ఆగింది, రెండో గదిలో ఉన్న అమ్మాయి ఆగకుండా బోర్డు మీద గ్రాఫు గీసి చెప్పేసింది.

స్టాటిస్టిక్స్ తమ్ముడు జిల్లా వానల లెక్కలు చెప్పాడు. ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు, ఏయే సంవత్సరాల్లో అంతకు తక్కువ పడింది, వేరుశనగ దిగుబడి ఎలా ఉంది. మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు లేచి, "అన్నా, సగటు కన్నా ఎక్కువ పడిన ఏడు కూడా మా చేను పోయింది, మరి అదెట్లా?" అన్నాడు. తమ్ముడు బట్టీ పట్టలేదు కాబట్టి ఆగి ఆలోచించాడు. ఏడాది మొత్తం ఎంత పడింది అన్నది కాదు, ఊడలు దిగే దశలో ఎన్ని రోజులు వాన లేకుండా పోయింది అన్నది చూడాలి, నా దగ్గర రోజువారీ లెక్కలు లేవు, మండలాల వారీగా తెచ్చుకుని మళ్లీ చేస్తాను అన్నాడు. చైర్‌లో ఉన్న మేడమ్ ఆ మాట కాగితం మీద రాసుకోవడం చూశాను.

రోజు మొత్తంలో నేను దగ్గర నుంచి చూసింది మూడో గది. బీఎస్సీ కెమిస్ట్రీ అమ్మాయి, వాళ్ల ఊరి బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. తను స్పాడ్న్స్ (SPADNS) అనే రంగు ద్రావణం కలిపే పద్ధతిలో కొలిచింది, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ రంగు తగ్గుతుంది, ఆ తగ్గిన రంగును కలరీమీటరులో చూడాలి. నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టాలి, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది కాబట్టి, అది కూడా చెప్పింది. అంతా తెలుగులోనే. లెక్చరర్లు ఒకటి రెండు అడిగారు. తర్వాత వెనక మైకుసెట్ దగ్గర కూర్చున్న అన్న చెయ్యెత్తాడు. ఆయన పిలిచిన వాళ్ల లిస్టులో లేడు, వైర్లు చూసుకోవడానికి వచ్చాడు. "పాపా, ఒక మాట అడగొచ్చునా? మోటరు ఎంతసేపు ఆడినాక పట్టినావు నీళ్లు? ఆన్ చేస్తానే వచ్చేది పైపుల్లో నిలబడిన నీళ్లు కదా, బోరు నీళ్లు గావు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. చైర్ సార్, "చాలా మంచి ప్రశ్న, ల్యాబు పుస్తకాల్లో కూడా బోరు నీటి శాంపిల్ తీసేముందు కొంతసేపు నీళ్లు వదిలేయమనే ఉంటుంది" అన్నారు. ఆ అమ్మాయి తన నోటు పుస్తకం తెరిచింది. కొన్ని బోర్ల దగ్గర పక్కన "10 నిమి." అని రాసుకుంది, కొన్ని చోట్ల ఏమీ లేదు. అవి వేరు చేసి చూపిస్తాను, రాయనివి మళ్లీ పట్టుకొస్తాను అంది. ఆయన తన బోరు 600 అడుగులని, దాని నీళ్లు కూడా చూసి పెట్టమని అడిగాడు. ఆ గదిలో పుస్తకం బహుమతి ఆయనకే ఇచ్చాం. మొదట వద్దన్నాడు, మా అబ్బాయికి ఇస్తాలే అని తీసుకున్నాడు.

పోస్టర్ల దగ్గర మూడు గంటలకు కూడా జనం కదల్లేదు. గాలి గట్టిగానే వీచింది, కింద తాడు కట్టడం పనికొచ్చింది. నాలుగు దాటింది గానీ కదిరి బస్సు అందింది, ఫోన్ చేసి కనుక్కున్నాం.

తర్వాతి వారం

మిగిలిన పని. ప్రతి ఒక్కరికీ వాళ్ల గదిలో వచ్చిన ప్రశ్నలన్నీ టైపు చేసి పంపాం, వాలంటీర్లు రాసుకున్నవి ఉన్నాయి కాబట్టి. తీసుకోని అబ్‌స్ట్రాక్టులకు కూడా రివ్యూ ప్రశ్నలు పంపాం. సర్టిఫికెట్లు అదే మెయిల్‌లో. రాలేకపోయిన ఆ ఇద్దరి పోస్టర్ల మీద వచ్చిన ప్రశ్నలు వాళ్లకు చేరాయి, ఒకరు అప్పుడే జవాబు రాశారు.

వచ్చే ఏడు వాళ్లకు రాసిపెట్టినవి కొన్ని. కోఆర్డినేటర్లు ఏప్రిల్‌లోనే కుదరాలి. మొదటి సంవత్సరం వాళ్లు వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు పోకముందే ఒక పూట వాళ్లతో కూర్చోవాలి, ఏం అడుగుతున్నామో ముందే తెలిస్తే పని వేరేలా ఉంటుంది, ముఖ్యంగా రోజు, టైము, చోటు రాసుకోవడం. మూడు గదులు చాలు, నాలుగో గది పెడితే వినేవాళ్లు పలచబడతారు. ఊళ్ల నుంచి రైతులను, నేతగాళ్లను ముందే పిలవాలి, భోజనం లెక్కలో వాళ్లను కూడా కలపాలి. ధర్మవరం మగ్గాల మీద చెప్పిన అమ్మాయి గదిలో ఒక్క నేతగాడు కూడా లేడు, అది నాకు ఇంకా బాధగానే ఉంది. సదస్సు ఒకసారి ధర్మవరంలోనే పెట్టొచ్చా అని అక్కడి కాలేజీ పిల్లలను అడిగాం, వాళ్ల ప్రిన్సిపాల్‌తో మాట్లాడతామన్నారు.

ఫైళ్లు, ఫోన్ నంబర్లు, ఖర్చుల లెక్క, అను నుంచి యూనికోడ్‌కి మార్చే పద్ధతి, ప్రెస్ అన్న రేట్లు అన్నీ ఒక డ్రైవ్‌లో పెట్టి సెకండియర్ వాళ్లకు ఇచ్చేశాను. కెమిస్ట్రీ అమ్మాయి సోమవారం మైకుసెట్ అన్న బోరు దగ్గరికి పోతోంది, రెండు ప్లాస్టిక్ సీసాలు మా ల్యాబు నుంచే తీసుకెళ్లింది.